పాత డచ్ బొమ్మల పుస్తకం కొనేముందు ప్లేట్లు లెక్కపెట్టండి, మిగతావన్నీ తర్వాత

తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలని మీ ప్రశ్న ఇక్కడ క్లుప్తంగా మళ్లీ పెడుతున్నా. మీరు ఐండ్‌హోవెన్‌లో ఉంటున్నారు, ఒక ఆక్షన్ కేటలాగ్‌లో 1672లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చైన డచ్ పాదిరీ బాల్డేయస్ పుస్తకం, అదే మలబార్, కోరమాండల్ (మన తూర్పు తీరం), సిలోన్ గురించి రాసిన పెద్ద ఫోలియో కనపడింది, ధర మామూలుగా పలికేదానికంటే బాగా తక్కువ పెట్టారు, కింద చిన్న అక్షరాల్లో మూడు ప్లేట్లు (విడి కాగితం మీద అచ్చేసి పుస్తకంలో కుట్టిన బొమ్మలు) లేవు అనీ చివర్లో "డబ్ల్యూ.ఎ.ఎఫ్." అనీ ఉంది. కొనొచ్చా, ఇలాంటివి సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, కేటలాగ్ భాష ఎలా అర్థం చేసుకోవాలి అని అడిగారు.

ముందు డబ్ల్యూ.ఎ.ఎఫ్. సంగతి చెప్తా. "విత్ ఆల్ ఫాల్ట్స్" అని, అంటే ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాం, ఇంటికి తీసుకెళ్లాక ఇంకో రెండు పేజీలు లేవని మీకు తెలిసినా వెనక్కి తీసుకోం అని. మామూలు లాట్ (ఆక్షన్‌లో ఒక నంబర్ కింద అమ్మే వస్తువు) అయితే కేటలాగ్‌లో చెప్పని పెద్ద లోపం బయటపడితే ఆక్షన్ హౌస్‌లు గడువు లోపల వెనక్కి తీసుకుంటాయి, ఈ మూడక్షరాలు ఉన్న లాట్‌కి ఆ దారి మూసేసినట్టే. అంటే వాళ్లు మూడు లేవు అన్నారు కాబట్టి మూడే లేవు అని అనుకోవడానికి వీల్లేదు, వాళ్లు పూర్తిగా లెక్కపెట్టి ఉండకపోవచ్చు కూడా. నేను ఈ దేశంలో పాత పుస్తకాలకి కేటలాగ్ రాసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, నా దగ్గరికి వచ్చే వాళ్లందరికీ మొదట చెప్పేది ఒకటే: బొమ్మల పుస్తకం అంటే బొమ్మలు ఎంత బాగున్నాయో చూడడం కాదు, ఉండాల్సినవన్నీ ఉన్నాయా లేదా అని మీ చేతులతో మీరే లెక్కపెట్టుకోవడం, ఆ తర్వాతే బైండింగ్ అయినా రంగులైనా ధర అయినా.

ఎందుకంత పట్టుబడుతున్నానో చెప్పాలంటే ఆ కాలంలో పుస్తకం ఎలా తయారయ్యేదో కొంచెం తెలియాలి. 17వ శతాబ్దం ఆమ్‌స్టర్‌డామ్‌లో టెక్స్ట్ ఒక ప్రెస్ మీద, రాగి రేకు మీద చెక్కిన బొమ్మ ఇంకో ప్రెస్ మీద అచ్చయ్యేవి. సీసపు అక్షరాలకి ఉబ్బెత్తుగా ఉన్న భాగం మీద సిరా అంటుతుంది, పైనుంచి నొక్కితే చాలు. రాగి రేకులో మాత్రం సిరా గీతల లోపల, గుంటల్లో ఉంటుంది, పైన ఉన్నదంతా తుడిచేసి తడి కాగితం పెట్టి రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కి లాగితేనే ఆ గుంటల్లోంచి సిరా పైకొస్తుంది. అందుకే రాగి బొమ్మలు చాలావరకు విడి కాగితాల మీద వేసి, బైండింగ్ అప్పుడు బైండర్ వాటిని టెక్స్ట్ మధ్యలో పెట్టి కుట్టేవాడు. చెక్క అచ్చు బొమ్మ అయితే అక్షరాలతో పాటే అదే ప్రెస్‌లో వస్తుంది, అది పేజీలో భాగం, దాన్ని పీకేస్తే పేజీ మొత్తం పోతుంది కాబట్టి వెంటనే దొరికిపోతుంది. విడి ప్లేట్ అలా కాదు, దాన్ని లాగేస్తే టెక్స్ట్ చెక్కుచెదరకుండా ఉంటుంది, పేజీ నంబర్లు కూడా సరిగ్గానే నడుస్తాయి, ఎవరికీ అనుమానం రాదు. మూడు వందల ఏళ్లుగా ఇలాంటి పుస్తకాలకి జరిగిన నష్టం అంతా అక్కడే. మ్యాపో ఊరి చిత్రమో ఫ్రేమ్ కట్టి అమ్ముకుంటే విడిగా డబ్బులొస్తాయని పీకేసినవాళ్లు ఎంతోమంది.

కాబట్టి లెక్క రెండు భాగాలు, టెక్స్ట్ లెక్క వేరు, ప్లేట్ల లెక్క వేరు.

టెక్స్ట్‌కి వస్తే, పేజీ నంబర్లని నమ్మకండి. ఆ రోజుల్లో నంబర్లు తప్పులు పడడం మామూలు, 128 తర్వాత 131 వస్తే రెండు పేజీలు లేవని కంగారు పడక్కర్లేదు. ప్రతి పేజీ కింద కుడివైపు మూలన ఒక మాటో సగం మాటో విడిగా ఉంటుంది చూడండి, దాన్ని క్యాచ్‌వర్డ్ అంటాం, అది తర్వాతి పేజీలో మొదటి మాట. అది కలిసిందంటే నంబర్ ఏం చెప్పినా మధ్యలో ఏమీ పోలేదు, కలవలేదంటే నంబర్లు సరిగ్గా ఉన్నా ఆగి చూడాలి. దాని పక్కనే కొన్ని పేజీల కింద మధ్యలో ఎ, ఎ2, ఎ3, తర్వాత బి, బి2 అని ఉంటాయి, అవి సిగ్నేచర్లు, బైండర్ మడతల్ని వరసలో పెట్టుకోవడానికి. వీటికి వాడేది లాటిన్ అక్షరమాల కాబట్టి 23 అక్షరాలే, జె ఉండదు, యు వి రెండిట్లో ఒకటే ఉంటుంది, డబ్ల్యూ ఉండదు, అక్కడ ఏదో పోయిందని అనుకోవద్దు. ముందుమాట, అంకితం, విషయసూచిక లాంటివి చివర్లో అచ్చేసేవాళ్లు కాబట్టి వాటికి అక్షరాల బదులు నక్షత్రం గుర్తులు ఉండడం డచ్ పుస్తకాల్లో మామూలే.

సైజు మాటలు, ఫోలియో, క్వార్టో, ఆక్టావో అనేవి సెంటీమీటర్ల లెక్క కాదు, మడతల లెక్క, పెద్ద కాగితాన్ని ఒకసారి మడిస్తే ఫోలియో, రెండుసార్లు మడిస్తే క్వార్టో, మూడుసార్లయితే ఆక్టావో. కాగితాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే దూరదూరంగా సమాంతరంగా గీతలు కనపడతాయి, చైన్ లైన్లు. ఫోలియోలో అవి నిలువుగా ఉంటాయి, వాటర్‌మార్క్ ఒక ఆకు మధ్యలో ఉంటుంది. క్వార్టోలో అవి అడ్డంగా ఉంటాయి, వాటర్‌మార్క్ కుట్టు దగ్గర మధ్యలోకి పోతుంది. ఆక్టావోలో మళ్లీ నిలువు, వాటర్‌మార్క్ కుట్టు దగ్గర పైమూలన. ఈ వెలుతురు పరీక్షతోనే ఇంకో పెద్ద లాభం ఉంది. ఈ గీతలు లేకుండా నున్నగా సమంగా ఉండే కాగితం, వోవ్ పేపర్ అంటారు, యూరప్‌లో పుస్తకాల్లో కనపడడం మొదలైంది 1757 ప్రాంతంలో. 1672 పుస్తకంలో ఒక ప్లేట్ మాత్రం వోవ్ పేపర్ మీద ఉందంటే అది ఆ కాలంది కాదు, తర్వాత ఎవరో ఫ్యాక్సిమిలీ, అంటే నకలు, వేసి పెట్టారు. మంచి ఫ్యాక్సిమిలీలు పాత కాగితం మీద వేస్తారు, అప్పుడు భూతద్దం తీయాలి, పదింతలు పెద్దగా చూపించేది చాలు. రాగి చెక్కడంలో గీత మొదట్లో సన్నగా మొదలై మధ్యలో లావెక్కి మళ్లీ సన్నగా ముగుస్తుంది, సిరా కాగితం మీద కొంచెం ఉబ్బి నిలబడుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఎచింగ్‌లో, అంటే రేకు మీద గీతని యాసిడ్‌తో తినిపించే పద్ధతిలో, గీత మొదలూ చివరా మొద్దుగా ఉంటాయి. ఫోటో పద్ధతిలో వేసిన నకలైతే గీత చదునుగా పడుంటుంది, హాఫ్‌టోన్‌లో వేస్తే చుక్కలుచుక్కలుగా విడిపోతుంది. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుంట, ప్లేట్‌మార్క్, కూడా చూడండి, కాకపోతే అంచులు బాగా కత్తిరించిన కాపీలో అది పోయి ఉండొచ్చు కాబట్టి అది లేనంత మాత్రాన నకిలీ అని తేల్చేయకండి.

ఇప్పుడు ప్లేట్ల లెక్క, అసలు కష్టమంతా ఇక్కడే. చాలా డచ్ పుస్తకాల చివర్లోనో ముందో బైండర్‌కి ఒక సూచన అచ్చేసి ఉంటుంది, ఏ బొమ్మ ఏ పేజీకి ఎదురుగా పెట్టాలో చెప్పే పట్టీ, చిన్న పేరాలా ఉంటుంది, చాలామంది దాన్ని దాటేసి వెళ్లిపోతారు. అది దొరికితే మీ పని సగం అయినట్టే. దొరకకపోతే బిబ్లియోగ్రఫీలు చూడాలి. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీకి సంబంధించిన పుస్తకాలకి జాన్ లాండ్‌వెర్ 1991లో వేసిన బిబ్లియోగ్రఫీ ఉంది, అట్లాసులకి కూమన్, విడి ప్రింట్లకి హోల్‌స్టైన్, ఇవి ద హేగ్‌లోని రాయల్ లైబ్రరీలోనో లైడెన్ యూనివర్సిటీ లైబ్రరీలోనో చూడొచ్చు. 1800 దాకా నెదర్లాండ్స్‌లో అచ్చైన పుస్తకాల డేటాబేస్ ఎస్.టి.సి.ఎన్. ఆన్‌లైన్‌లో ఉచితం, అందులో ఒక్కో ఎడిషన్‌కి ఫింగర్‌ప్రింట్ అని ఒక కోడ్ ఇస్తారు, సిగ్నేచర్ అక్షరం పైన ఉన్న టెక్స్ట్ లైన్‌లో ఏ అక్షరాల కింద పడిందో దాన్నిబట్టి కట్టిన కోడ్ అది. పేజీ మళ్లీ కంపోజ్ చేస్తే ఆ చోటు దాదాపు ఎప్పుడూ కొంచెం జరుగుతుంది, అందుకే టైటిల్ పేజీ ఒకేలా ఉన్నా లోపల మళ్లీ అచ్చేసిన ఎడిషన్‌ని అది పట్టిస్తుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి, గూగుల్ బుక్స్ స్కాన్ చూసి మడత ప్లేట్లు లెక్కపెట్టకండి, స్కాన్ చేసేవాళ్లు చాలాసార్లు మడతలు విప్పకుండానే తీసేశారు, ఇంకొన్నిచోట్ల దాటేశారు. రెండు మూడు లైబ్రరీల కాపీలు పోల్చి చూడండి.

ప్లేట్ పీకేసిన గుర్తు పుస్తకంలోనే మిగిలిపోతుంది, అది చూడడం నేర్చుకుంటే చాలు. కుట్టు దగ్గర సన్నటి కాగితపు ముక్క మిగిలుంటుంది, దాన్ని స్టబ్ అంటాం, కాకపోతే మడత ప్లేట్లు అతికించడానికి బైండర్లు కూడా స్టబ్‌లు పెట్టేవాళ్లు కాబట్టి ఒట్టి స్టబ్ కనపడితే దాని అంచు చూడండి, బ్లేడుతో కోసినట్టు తాజాగా తెల్లగా ఉందా, పాతబడి మిగతా కాగితంతో కలిసిపోయిందా అని. ఇంతకంటే నమ్మదగ్గది ఇంకోటి ఉంది. రాగి అచ్చు సిరా నూనెది, వందల ఏళ్లు ఎదురు పేజీకి ఒత్తుకుని ఉంటే ఆ పేజీ మీద బొమ్మ నీడలా గోధుమరంగులో దిగుతుంది. మీరు ఒక టెక్స్ట్ పేజీ తిప్పారు, దాని మీద లేతగా ఓడ తెరచాపలూ కోట గోడా తిరగేసి కనపడుతున్నాయి, ఎదురుగా మాత్రం ఇంకో టెక్స్ట్ పేజీయే ఉంది, అంటే అక్కడ ఒకప్పుడు ఓడరేవు ప్లేట్ ఉండేది. కేటలాగ్ ఏం చెప్పినా ఆ నీడ అబద్ధం చెప్పదు. మీ లాట్ చూడడానికి వెళ్లినప్పుడు ఈ నీడలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి.

బాల్డేయస్ దగ్గరికి వస్తా. ఆయన యాఫ్నాలో డచ్ పాదిరీగా పనిచేసి హాలండ్ తిరిగొచ్చాక రాసిన పుస్తకం ఇది, యాన్సోనియస్ వాన్ వాస్‌బెర్ఖె, వాన్ సోమరన్ కలిసి వేశారు. ఆ 1672 అంటే ఇక్కడి చరిత్రలో ఘోరమైన ఏడాది, ఫ్రాన్స్ సైన్యాలు దేశం మీద పడ్డాయి, ఆమ్‌స్టర్‌డామ్‌లోనే బ్లావ్ వాళ్ల ప్రెస్ కాలిపోయింది, 11 సంపుటాల అట్లాస్ వేసిన ఆ బ్లావ్ వాళ్లే. అలాంటి ఏడాదిలో ఇంత ఖర్చుతో ఇంత పెద్ద ఫోలియో బయటికొచ్చింది అంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పుస్తకం మూడు భాగాలు, మలబార్ కోరమాండల్ ఒకటి, సిలోన్ ఒకటి, మూడోది మన దేవుళ్ల గురించి, వాళ్ల లెక్కలో విగ్రహారాధన ఖండన. ఆ ఖండన భాగంలోనే విష్ణుమూర్తి దశావతారాల బొమ్మలున్నాయి, విడిగా ఫ్రేమ్ కట్టుకోవడానికి బాగుంటాయి కాబట్టి వాటి మీద చాలామంది కన్ను పడుతుంది. ఆ అవతారాల కథలు బాల్డేయస్ సొంతం కూడా కాదు, అంతకుముందు ఫిలిప్స్ ఏంజెల్ అనే కంపెనీ ఉద్యోగి తయారు చేసిన దశావతారాల రాతప్రతి ఒకటుంది, 1658 నాటిది, బెల్జియంలో పోస్టెల్ మఠంలో ఇప్పటికీ ఉంది, బాల్డేయస్ దాన్ని బాగా వాడుకున్నాడు. మన దగ్గరి బొమ్మల పద్ధతి డచ్ చెక్కేవాడి చేతికొచ్చేసరికి దేహాలకి యూరప్ కండలొచ్చాయి, వెనకాల డచ్ ఆకాశం మేఘాలొచ్చాయి, నీడలు ఒకవైపు నుంచి పడ్డాయి, ఒక్కో ప్లేట్ ముందు ఎంతసేపైనా కూర్చోవచ్చు.

అందుకే మీ మొదటి ప్రశ్నకి నా జవాబు: ఏ మూడు లేవో తెలియకుండా చెయ్యి ఎత్తకండి. ఆక్షన్ హౌస్‌కి మెయిల్ పెట్టి పోయిన ప్లేట్ల పేర్లు రాతపూర్వకంగా అడగండి, చెప్తారు. పోయినవి సిలోన్ భాగంలోని చిన్నవై, మీకు కావల్సింది కోరమాండల్ గురించి చదువుకోవడమే అయితే, ధర పూర్తి కాపీలో మూడో వంతు లోపల ఉంటే తీసుకోవచ్చు, కానీ తిరిగి అమ్ముదామనే ఆలోచన పెట్టుకోకండి, లోపమున్న కాపీ కొనేటప్పుడు ఎంత చవకో అమ్మేటప్పుడు అంతకంటే చవక. పోయినవి అవతారాల్లోవో కోరమాండల్ మ్యాపో అయితే వదిలేయండి, ఇంకోటి వస్తుంది, ఈ పుస్తకం అంత అరుదేం కాదు. ఇంకో మాట, పోయిన ప్లేట్లు వేరేచోట కొని ఇందులో పెట్టేద్దాం అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అదే ఏడాది అదే ప్రచురణకర్తలు జర్మన్‌లో కూడా వేశారు కాబట్టి బొమ్మలు దొరకడం కష్టం కాదు, కానీ అలా పెట్టినదాన్ని మేడప్ కాపీ అంటారు, పెడితే పెట్టానని పుస్తకంతో పాటే రాసి ఉంచాలి, దాచిపెట్టడం మోసం. విడి ప్లేట్లు కొనడం మీద కూడా నా అభిప్రాయం ఖరాకండిగానే ఉంటుంది, ఎప్పుడో విడిపోయిన ఆకు అయితే సరే, కానీ ఒకే పుస్తకం ప్లేట్లన్నీ ఒకే అమ్మకందారు దగ్గర ఒక్కసారే విడివిడిగా కనపడ్డాయంటే ఆయన నిన్న మొన్నే ఒక పుస్తకాన్ని చీల్చాడని అర్థం, అక్కడ డబ్బు పెట్టకండి.

రంగుల గురించి అడగలేదు కానీ చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది అక్కడే. 17వ శతాబ్దంలో పుస్తకం నలుపు తెలుపులోనే వచ్చేది, రంగు కావాలంటే డబ్బిచ్చి చేత్తో వేయించుకోవాలి, ఆమ్‌స్టర్‌డామ్‌లో అది ఒక వృత్తి, డిర్క్ యాన్స్ వాన్ సాంటెన్ లాంటివాళ్లు బంగారం కూడా అద్దేవాళ్లు. ఈ మధ్య వందేళ్లలో అమ్మకం కోసం రంగులేసినవి లెక్కలేనన్ని తిరుగుతున్నాయి. పాత పచ్చరంగులో రాగి ఉండేది, అది ఏళ్ల తరబడి కాగితాన్ని తినేస్తుంది, కాబట్టి పచ్చ ఉన్నచోట ఆకు తిరగేసి చూస్తే వెనక గోధుమరంగు మచ్చ అదే ఆకారంలో కనపడాలి. వెనక తెల్లగా ఉండి ముందు పచ్చ మిలమిలా మెరుస్తుంటే అనుమానించండి. మరియా సిబిల్లా మేరియన్ సురినామ్ పురుగుల పుస్తకం, 1705లో వచ్చింది, 60 ప్లేట్లు, అందులో కొన్ని కాపీల్లో ఇంకో విశేషం ఉంటుంది, తడి ఆరని ప్రింట్ మీద ఇంకో కాగితం ఒత్తి తీసిన అచ్చులు, గీత మెత్తగా ఉంటుంది, ప్లేట్‌మార్క్ ఉండదు, రంగు వేస్తే చేత్తో గీసిన బొమ్మలా కనపడుతుంది. 1719 ఎడిషన్‌లో ప్లేట్లు 72కి పెరిగాయి. అదే పుస్తకం, ఎడిషన్‌ని బట్టి పూర్తి లెక్క మారిపోతుంది, అందుకే ఎడిషన్ ఏదో తేలకుండా లెక్క మొదలుపెట్టకూడదు.

కేటలాగ్ భాషకి వస్తే, ఇక్కడి ఆక్షన్లలో డచ్ మాటలు కూడా చాలాచోట్ల కనపడతాయి. "ఒంట్‌బ్రేక్ట్" కనపడితే ఏదో లేదు అని, ముందు అది వెతకండి. "వొఖ్ట్‌వ్లెక్కెన్" తడి మరకలు, "వోర్మ్‌ఖాట్యెస్" పురుగు తొలిచిన కన్నాలు, "పెర్కమెంట్" వెల్లం (జంతు చర్మం) బైండింగ్, "ఔట్‌స్లాండ్" మడత ప్లేటు. తేదీలు టైటిల్ పేజీ మీద రోమన్ అంకెల్లో ఉంటాయి, వెయ్యికి ఎమ్ బదులు సి, ఐ, తిరగేసిన సి ఇలా మూడు ముక్కలుగా వేసేవాళ్లు, ఐదొందలకి ఐ, తిరగేసిన సి, మొదట్లో తికమకగా ఉంటుంది, నాలుగైదు పుస్తకాలు చూశాక అలవాటవుతుంది. బొమ్మతో ఉన్న టైటిల్ పేజీ ఒకటీ అచ్చు అక్షరాల టైటిల్ పేజీ ఒకటీ రెండూ ఉంటాయి, వాటి మీద సంవత్సరాలు తేడాగా ఉంటే పాత రేకునే కొత్త ఎడిషన్‌కి వాడారని అర్థం, అచ్చు అక్షరాల పేజీ మీది ఏడాదినే ముందు పట్టుకోండి.

మీరు మొదలుపెట్టాల్సింది కొనడంతో కాదు, రాయడంతో. ఏ పుస్తకం చేతిలోకి వచ్చినా అమ్మేవాడి వర్ణన చదవకముందే మీ వర్ణన మీరు రాయండి. ఎలా ఉండాలంటే, ఉదాహరణకి ఇలా: "ఆమ్‌స్టర్‌డామ్, 1693. క్వార్టో. మూడు భాగాలు ఒకే సంపుటం. ఆ కాలపు వెల్లం బైండింగ్, వెన్నెముక మీద సిరాతో రాసిన పేరు సగం చెరిగిపోయింది, కింది జాయింట్ (అట్ట వెన్నెముకకి కలిసే చోటు) దగ్గర మూడు సెంటీమీటర్ల చీలిక, కుట్టు గట్టిగా ఉంది. రెండో భాగం చివరి పది ఆకుల్లో కింది మూలన లేత తడి మరక, టెక్స్ట్ దాకా రాలేదు. ఒక మడత ప్లేట్ మడత దగ్గర చిరిగితే వెనకనుంచి కాగితం అతికించారు, బొమ్మలో గీత పోలేదు. ముందు అట్ట లోపల పాత ఓనర్ సంతకం." చూశారా, ఇందులో "అద్భుతం", "అరుదైన" లాంటి మాటొక్కటీ లేదు, లోపం ఎక్కడుందో ఎంతుందో బొమ్మకి తగిలిందో లేదో అంతే. అరుదు అని రాయాలంటే ఎన్ని కాపీలు ఎక్కడున్నాయో చూసి రాయాలి, లేదంటే రాయకూడదు. ఇలా పాతిక ముప్పై రాసేసరికి ఎవరి కేటలాగ్ నిజాయితీగా ఉందో, ఎవరు మాటలతో దాటేస్తున్నారో మీకే తెలిసిపోతుంది.

పైన 1693 అని ఊరికే రాయలేదు, అది డానియల్ హావర్ట్ పుస్తకం ఏడాది. మీరు కోరమాండల్ అని అడిగారు కాబట్టి చెప్తున్నా, తెలుగువాళ్లకి బాల్డేయస్ కంటే హావర్ట్ ఎక్కువ దగ్గర. కంపెనీ ఉద్యోగంలో మచిలీపట్నం, గోల్కొండ వైపు ఏళ్ల తరబడి ఉన్న మనిషి, అబుల్ హసన్ తానీషా, అక్కన్న మాదన్నల కాలాన్ని కళ్లారా చూసినవాడు, ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ టెన్ హోర్న్ వేశాడు ఆ పుస్తకాన్ని, కోరమాండల్ ఎదుగుదల, పతనం అని పేరు. మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, నాగులవంచ, భీమునిపట్నం, ఇలా డచ్ వాళ్ల ఫ్యాక్టరీలు ఉన్న ఊళ్లన్నీ అందులో వస్తాయి. భీమిలిలో, బందరులో డచ్ సమాధులు చూసినవాళ్లకి ఆ మనుషుల లోకం ఈ పుస్తకంలో కనపడుతుంది. బాల్డేయస్ అంత ఆర్భాటంగా బొమ్మలుండవు, మార్కెట్లోకి వచ్చేది కూడా తక్కువ, వస్తే మాత్రం నేనైతే లోపాలున్న బాల్డేయస్‌ని వదిలి దీనికి డబ్బు దాచుకుంటా. వాలెంటైన్ 1724 నుంచి 1726 వరకు వేసిన ఈస్ట్ ఇండీస్ గ్రంథం ఇంకా పెద్దది, ఐదు భాగాలు, వెయ్యికి పైగా బొమ్మలు, పూర్తి సెట్ కొనడం మామూలు జీతగాడి వల్ల కాదు, లైబ్రరీలో చూడండి చాలు. వాన్ రేడె వేసిన మలబార్ మొక్కల పుస్తకం, హోర్టస్ మలబారికస్, 12 సంపుటాలు, అది కూడా అంతే.

డచ్ కాకపోయినా ఇదే వరసలో ఇంగ్లిష్ పుస్తకాలు రెండున్నాయి. విశాఖపట్నంలో ఉన్న డాక్టర్ పాట్రిక్ రసెల్ 1796లో లండన్‌లో వేసిన కోరమాండల్ పాముల పుస్తకం, అందులో పాములకి చాలావరకు తెలుగు పేర్లే వాడాడు, కట్లపాము జాతికి సైన్సులో ఇవాళ్టికీ ఉన్న బంగారస్ అనే పేరు మన బంగారు పాము నుంచి వచ్చిందే. సామర్లకోటలో తోట పెంచిన రాక్స్‌బర్గ్ కోరమాండల్ మొక్కల పుస్తకం, 1795లో మొదలై మూడు సంపుటాల్లో 300 ప్లేట్లు, బొమ్మలకి మూలం మన దేశపు చిత్రకారులు వేసినవి. ఇవి కూడా ఖరీదే.

తక్కువ డబ్బుతో మొదలుపెట్టాలంటే యాకబ్ కాట్స్ పద్యాల పుస్తకాలు చూడండి, ఒకప్పుడు ఇక్కడ ఇంటింటా బైబిల్ పక్కన ఉన్నవి, ఎన్నో ఎడిషన్లు, తర్వాతి ఎడిషన్లు అందుబాటు ధరలో దొరుకుతాయి. చిత్రకారుడు యాన్ లౌకెన్ కూడా అంతే, 1694లో వృత్తుల మీద వేసిన 100 బొమ్మల పుస్తకం మొదటి ఎడిషన్ ఖరీదైనా, తర్వాత మళ్లీ వేసినవి, ఆయన ఎచింగ్‌లున్న బైబిల్ పుస్తకాలు చవక. అయితే ఒకటి చూసుకోండి, రాగి మెత్తని లోహం, వెయ్యి ప్రింట్లు దాటేసరికి సన్న గీతలు అరిగిపోతాయి, తర్వాత రేకులు చేతులు మారి ఇంకో ప్రచురణకర్త అవే మళ్లీ వాడతాడు. లౌకెన్ బొమ్మలో నీడ భాగం బూడిదరంగులో చదునుగా ఉందంటే రేకు అరిగాక తీసిందన్నమాట. మొదటి అచ్చు ఎలా ఉండాలో రైక్స్‌మ్యూజియం వెబ్‌సైట్‌లో పెద్ద సైజు ఫోటోలు ఉచితంగా ఉన్నాయి, ఫోన్‌లో పక్కన పెట్టుకుని పోల్చండి. 18వ శతాబ్దపు ఊళ్ల దృశ్యాలు కావాలంటే టిరియోన్ అనే ప్రచురణకర్త వేసినవి ఉన్నాయి, చిన్న సైజు, నీట్‌గా ఉంటాయి.

చేతులకి అలవాటు కావాలి అంటే శుక్రవారం ఆమ్‌స్టర్‌డామ్ స్పౌ చౌక్‌లో పుస్తకాల సంత ఉంటుంది, ఆగస్టు మొదటి ఆదివారం డెవెంటర్‌లో ఊరంతా పుస్తకాలే, పొద్దున్నే వెళ్లండి. ఆంట్‌వెర్ప్ దగ్గరే కాబట్టి ప్లాంటిన్ మొరేటస్ మ్యూజియంకి తప్పకుండా వెళ్లండి, పాత ప్రెస్‌లు, రాగి రేకులు, చెక్క దిమ్మలు అన్నీ అక్కడే ఉన్నాయి, పైన నేను రాసిన రెండు ప్రెస్‌ల సంగతి కళ్లతో చూస్తే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

బిడ్ పెట్టేముందు కమిషన్ చూసుకోండి, ఒపఖెల్డ్ అంటారు ఇక్కడ, సాధారణంగా పాతిక శాతం పైనే ఉంటుంది, సుత్తి దెబ్బ ధరకి అది కలిపాకే అసలు ధర. లైబ్రరీ స్టాంపు ఉంటే దాని పక్కన తొలగించినట్టు ఇంకో స్టాంపు ఉందో లేదో చూడండి, లేకపోతే ఆ లైబ్రరీకే మెయిల్ పెట్టి అడగండి, దొంగిలించినవి నిజంగానే తిరుగుతుంటాయి. రేపు ఇండియాకి తీసుకెళ్లాలనుకుంటే, వందేళ్లు దాటిన పుస్తకం 50,000 యూరోల పైన విలువ ఉంటే యూరోపియన్ యూనియన్ ఎగుమతి లైసెన్స్ కావాలి, మీరు చూస్తున్నవి ఆ లోపలే ఉంటాయి, కానీ మన దేశంలోకి వెళ్లాక పురావస్తువుగా లెక్కలోకి వస్తే మళ్లీ బయటికి తేవడం 1972 చట్టం ప్రకారం చాలా కష్టం, కాబట్టి ఇన్‌వాయిస్, మీరు కొన్న తేదీ, ఫోటోలు జాగ్రత్తగా పెట్టుకోండి, తీసుకెళ్లేముందు కస్టమ్స్ విషయం తెలిసినవాళ్లని అడగండి. వెల్లం బైండింగ్ మన కోస్తా గాలి తేమకి వంకర్లు పోతుంది, ఏసీ వేసి ఆపి వేసి ఆపితే ఇంకా త్వరగా పోతుంది, తేమ నిలకడగా యాభై శాతం ప్రాంతంలో ఉండాలి, చిరిగినదానికి సెల్లోటేప్ మాత్రం ఎప్పుడూ అంటించకండి, ఆ జిగురు కాగితంలోకి దిగి గోధుమరంగు మచ్చయి ఇంక పోదు.

మీ లాట్ విషయానికి, ప్రివ్యూకి వెళ్లినప్పుడు టైటిల్ పేజీ రెండూ, మూడు భాగాల మొదటి పేజీలూ, స్టబ్‌లు కనపడిన చోట్లూ, నీడలు దిగిన పేజీలూ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఫ్లాష్ వద్దు, పక్క నుంచి వెలుతురు పడేలా తీయండి, బిడ్ ఎంతవరకు వెళ్లొచ్చో అవి చూసి చెప్తాను.